మెతుకులతో అంటించిన వాగ్దానం

కొత్త సంవత్సరం మొదటి రోజు మా మనవరాలు ఫోన్ పట్టుకొని నా పక్కన వచ్చి కూర్చుంది. చర్చి వాళ్ల గ్రూపులో ఏదో లింకు వచ్చిందట. వేలితో నొక్కితే ఆ ఏటికి మన వాగ్దానం, అంటే బైబిల్లోని ఒక మాట, తెర మీద కనిపిస్తుందట. నొక్కింది, చదివింది, పెదవి విరిచింది, మళ్లీ నొక్కింది. నాలుగోసారికి మనసుకు నచ్చింది కాబోలు, "ఇది బాగుంది అమ్మమ్మా, ఇదే నాది" అని స్టేటస్ పెట్టుకుంది.

"గట్ల ఎన్నిసార్లు నొక్కుతవే? వచ్చింది తీసుకోవాలె గాని, ఇదేమన్న చీరల దుకాణమా, నచ్చేదాక మడతలు విప్పించుకోను?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. పిల్ల ఫోన్ మూసి వంటింట్లోకి పోయింది. అది చేసిన దాంట్లో పెద్ద తప్పేం లేదు. నాకు కోపం వచ్చింది దాని మీద కాదు. అరవై దాటినా వాగ్దానం మార్చుకోవడమనే మాట నేను వినలేను. ఆ కారణం మా ఆయనకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

మా ఊరు టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. ఊరు ఇప్పుడూ ఉంది, నేను చెప్పే ఊరు మాత్రం లేదు. అప్పుడు మా పెరటి కంచె దాటితే టేకు, మద్ది, ఇప్ప చెట్లు. ఇప్పుడు తాడు పట్టి నాటినట్టు వరసల్లో జామాయిల్ తోటలు. అప్పట్లో ఎండాకాలం మొదట్లో ఇప్ప పూలు రాలితే తెల్లవారేసరికి ఊరంతా తీపి వాసన వేసేది. వానలు మొదలైతే పుట్టగొడుగులు, బోడకాకరకాయలు, లేత వెదురు కొమ్ములు వచ్చేవి. మా నాయనమ్మ వెదురు కొమ్ములను సన్నగా తరిగి, రెండు నీళ్లు మార్చి ఉడికించి, ఎండు రొయ్యలు వేసి వండేది. ఆ కూర వండిన రోజు మా వాకిలి ముందు నుంచి పోయేవాళ్ల నడక నెమ్మదించేది. "ఏందవ్వా, ఘుమఘుమలాడుతుంది" అని ఎవరైనా అంటే చాలు, మా నాయనమ్మ గిన్నెలో పెట్టి ఇచ్చేది. తర్వాత మా అమ్మ సణిగేది, ఇంట్లో వాళ్లకు మిగిలింది చారు నీళ్లేనని.

మా నాయిన మలేరియా వర్కర్. సారు అనిపించుకునేంత పెద్ద ఉద్యోగం కాకపోయినా చుట్టుపక్కల ఊళ్లలో అందరూ "మలేరియా సారు" అనేవాళ్లు. ఆయనకు ఒక సైకిలు, దాని వెనక తాడుతో కట్టిన చెక్కపెట్టె ఉండేవి. పెట్టెలో సన్నని గాజు పలకలు, సూదులు, దూది, చేదు మాత్రలు. అడవి లోపలి గూడేలకు పోయి, జ్వరం ఉన్నవాళ్ల వేలు పొడిచి, రక్తపు చుక్క గాజు పలక మీద రుద్ది, పరీక్షకు పంపేవాడు. వానాకాలానికి ముందు కూలీలను వెంటేసుకొని ఇళ్ల గోడలకు దోమల మందు కొట్టించేవాడు. కొట్టిన ఇంటి గోడ మీద ఎర్ర జాజుతో తారీఖు రాసేవాడు. ఆయన చొక్కాలకు ఆ మందు వాసన పట్టేసేది. అమ్మ వాటిని వేరే బకెట్లో ఉతికేది. నాకు మాత్రం నాయిన అంటే ఆ వాసనే. సాయంత్రం సైకిలు చప్పుడు కంటే ముందు ఆ వాసనే ఇంట్లోకి వచ్చేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఒకసారి ఆయన లేనప్పుడు పెట్టె తెరిచి, చేదు మాత్ర ఒకటి తీసి నలగ్గొట్టి, నూకల్లో కలిపి మా గోధుమరంగు కోడికి పెట్టాను. అది రెండు రోజులు గుడ్డు పెట్టలేదు. నాయనమ్మ దిష్టి తగిలిందని దాని చుట్టూ ఉప్పు తిప్పబోయింది. "అత్తయ్యా, మనం ప్రార్థన చేసుకునేవాళ్లం, ఇవన్నీ ఏంటి" అని అమ్మ ఆపింది. మా అమ్మది ఎర్రుపాలెం వైపు. అక్కడి మాట కొంచెం కోస్తా యాసలో ఉంటుంది, భక్తి కూడా కొంచెం కచ్చితంగా ఉంటుంది. "దేవునికి ఉప్పంటే కోపమా?" అని నాయనమ్మ గొణిగింది. సంగతి తెలిశాక నాయిన నన్ను కొట్టలేదు. "మన కోడికి ఈ ఏడు మలేరియా రాదు లే" అని నవ్వాడు.

మా మందిరానికి గడ్డి కప్పు, పేడతో అలికిన నేల. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క ఈత చాపల మీద కూర్చునేవాళ్లం. పాస్టరుగారిని అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలిచేవాళ్లం. అయ్యగారికి మూడు ఊళ్లు, ఒక పాత మోపెడ్. సగం దారి అది ఆయన్ని మోస్తే సగం దారి ఆయన దాన్ని తోసేవారు. అందుకని కొత్త సంవత్సరం ఆరాధన మా ఊరి వంతుకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. ఆకలితో పిల్లల ముఖాలు వాడిపోయినా ఎవరమూ కదిలేవాళ్లం కాదు. ఆరాధన చివర వాగ్దానం తీయడం ఉంటుంది మరి.

అమ్మగారు పాత పెళ్లి కార్డులను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, తెల్లగా ఉన్న వైపు ఒక్కో ముక్క మీద ఒక్కో వాక్యం గుండ్రని అక్షరాలతో రాసి, మడిచి, స్టీలు గిన్నెలో వేసి తెచ్చేవారు. కళ్లు మూసుకొని మనసులో ప్రార్థన చేసుకొని, చేతికి మొదట తగిలింది తీయాలి. పెట్టేసి ఇంకోటి తీయకూడదు. ఒకరిది ఒకరు మార్చుకోకూడదు. అమ్మగారు ప్రతి ఏడూ ఈ మాట చెప్పి మరీ గిన్నె చాపేవారు. ఇంటికి తెచ్చి, అద్దం పక్కన గోడకు అన్నం మెతుకులతో అంటించేవాళ్లం. ఏడాది పొడుగునా ఇంట్లోంచి బయటికి పోయేముందు దాన్ని పైకి చదువుకోవాలి. నెలలో మొదటి ఆదివారం మందిరంలో నిలబడి అప్పజెప్పాలి. ఎవరింట్లోనైనా బర్రె చచ్చినా, పెళ్లి కుదిరినా, ముందు అడిగే మాట "ఈ ఏడు నీ వాగ్దానం ఏందే?" అనే. మా నాయనమ్మకు ఒక ఏడు ముసలితనంలో కూడా పచ్చగా ఉంటారనే అర్థం వచ్చే మాట వచ్చింది. ఆ ఏడంతా ఆమెకు తుమ్ము కూడా రాలేదు. ఆ సంగతి వినని మనిషి మా ఊళ్లో లేడు.

నాకు తొమ్మిదేళ్లు ఉన్న ఏడు గిన్నె నా ముందుకు వచ్చింది. గట్టిగా కళ్లు మూసుకొని తీశాను. పక్కింటి నా ఈడు పిల్లకు సమృద్ధి వచ్చింది. దాని తమ్మునికి శత్రువుల మీద జయం వచ్చింది. ఆ వేలెడంత వానికి శత్రువు ఎవడో నాకు తెలియదు. నాది విప్పి చూసుకుంటే, నీ హృదయాన్ని నాకు ఇవ్వు అని ఉంది. అంతే. తిప్పి చూశాను, వెనక ఎవరి పెళ్లిదో లగ్నం వివరాలు ఉన్నాయి. అందరికీ ఇస్తానన్న దేవుడు నన్ను ఒక్కదాన్నే ఇమ్మన్నాడు. అది వాగ్దానమెట్లా అవుతుంది? నాకు ఏడుపొచ్చింది. మడిచి గుప్పిట్లో దాచుకున్నాను.

నాయినకు మందిరంలో కార్డు విప్పే అలవాటు లేదు. ఆ రోజు చాపలు చుట్టే పని కూడా ఆయనదే కావడంతో, తనది తీసి మడత విప్పకుండానే నా చేతిలో పెట్టాడు. "ఇంటికి పోయినంక కాళ్లు కడుక్కొని సదువుకుందం. పైలంగ పట్టుకో బిడ్డా" అన్నాడు. నేను అందరికంటే వెనక నడుస్తూ, గడ్డివాము చాటుకు పోయి విప్పి చూశాను. తెగుళ్లు దగ్గరికి రానివ్వనని, దూతలను కాపలా పెడతానని అర్థం వచ్చే మాట. ఎంత పెద్దది, రెండు వరసలు పట్టింది. ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. నాది మడిచి కుడిచేతిలోకి, ఆయనది మడిచి ఎడమచేతిలోకి మార్చుకున్నాను. చేతులు మార్చడమే కదా, దొంగతనమేం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంట్లో నాయిన కాళ్లు కడుక్కొని, పంచెకు చేతులు తుడుచుకొని, నేనిచ్చిన కార్డు విప్పి రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు, బాధా లేదు. "నాకు రావాల్సిందే వచ్చింది" అని మాత్రం అన్నాడు. నేను ఆయనది నాదన్నట్టు చదివితే నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి, "పిల్లకు ఎంత మంచి మాటొచ్చిందే. ఇగ దీనికేం గాదు" అంది. మెతుకులు తెచ్చి రెండు కార్డులనూ నేనే గోడకు అంటించాను. ఆ పూట కోడికూర, గారెలు. కడుపునిండా తిన్నాను. ఆ ఏడు నేను దిగులు లేకుండా తిన్న చివరి పండుగ భోజనం అదేనేమో.

మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం నాయిన అన్నం ముందు కూర్చొని తినకుండా, అవతలి గూడెంలో ఒక బాలింత జ్వరంతో పోయిందని అమ్మతో చెప్పాడు. మాత్రలు తీసుకొని ఈయన పోయేసరికే ఆలస్యమైందట. నేను చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. తెగులు ఎక్కడుంటుందో అప్పుడు నాకు తెలిసింది. నేను బడికి పోతాను, ఇంటికి వస్తాను. పంతులు బెత్తం తప్ప నాకు వేరే ఆపద లేదు. నాయిన రోజూ తెగులు ఉన్నచోటికే సైకిలు తొక్కుకుంటూ పోతాడు. దేవుడు కావాలనే ఆ కార్డు ఆయన చేతికి అందించాడు, నేను లాక్కున్నాను. కాపలా పెట్టిన దూతలు ఇప్పుడు నా వెంట బడికి వచ్చి ఊరికే కూర్చుంటున్నారు, నాయిన వెంట ఎవరూ లేరు. నిజంగా అట్లానే అనుకున్నాను.

అప్పటి నుంచి నాకు పొద్దున్నే భయం మొదలయ్యేది. నాయిన చొక్కా తొడుక్కొని, గోడ ముందు నిలబడి, నా కార్డు మెల్లగా చదువుకొని, ఒక్క నిమిషం కళ్లు మూసుకొని సైకిలెక్కేవాడు. నేను ఆయన వెనకే నిలబడి ఆయనది గొణిగేదాన్ని. "దేవా, చదివేది నేనే గాని ఇది నాయినకు రాసుకో" అని చివర కలిపేదాన్ని. రాసుకున్నాడో లేదో ఎట్లా తెలుస్తుంది? రెండుసార్లు సైకిలు గాలి తీసేశాను. ఒకసారి పంపు తీసుకుపోయి గడ్డివాములో దాచాను. ఆయన పొరుగువాళ్ల పంపు తెచ్చుకొని గాలి కొట్టుకొని, ఆలస్యంగానైనా పోయాడు. మొదటి ఆదివారం వస్తే మరీ నరకం. అందరి ముందూ నిలబడి ఆ రెండు వరసలూ తడబడకుండా అప్పజెప్పేదాన్ని. "పిల్ల ఎంత బాగా చెప్పింది" అని అయ్యగారు తల నిమిరేవారు. ఆ చేయి బరువు నా తల మీద మధ్యాహ్నం దాకా ఉండేది.

చెప్పేస్తే పోయేదానికి ఎందుకంత మోశావని ఎవరైనా అడగొచ్చు. అమ్మకు చెబితే మందిరంలో అందరి ముందూ ఒప్పుకోమంటుంది. నాయనమ్మకు చెబితే గుండె ఆగి చస్తుంది. నాయినకు చెబితే ఇక నన్ను నమ్మి ఏదీ చేతికివ్వడు. ఆ చివరిదే నాకు అన్నిటికంటే పెద్ద భయం.

వానలు పడ్డాయి. వాగులు పొంగాయి. నాయిన లోపలి గూడేలకు పోయి, ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వాగు తగ్గలేదేమోనని అమ్మ అంది గాని, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. మూడో రోజు పొద్దున ఎడ్లబండి మీద, గొంగళి కప్పి, గూడెం వాళ్లు ఇద్దరు ఆయన్ని తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు కొట్టుకుంటున్నాయి. కళ్లు తెరిచినా మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఊళ్ల పేర్లు వరసగా చెబుతున్నాడు, ఎవరింట్లో ఎందరికి జ్వరమో లెక్క అప్పజెబుతున్నాడు. బండి తోలిన ఆయన తలపాగా విప్పి కళ్లు తుడుచుకుంటూ, "మా పిలగానికి మాత్ర మింగించి, మా ఇంట్లనే పడిపోయిండమ్మా" అన్నాడు. అమ్మ జీపు మాట్లాడించి ఆయన్ని ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయింది. నేను, నాయనమ్మ మిగిలాం.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ వాకిట్లో కూర్చొని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకొని ఏడుస్తుంటే, నేను లోపల గోడ ముందు నిలబడ్డాను. ఇప్పుడైనా ఎవరిది వాళ్ల చోట పెట్టాలి. బట్ట తడిపి కార్డుల మీద అద్దాను. నాకు వచ్చిన కార్డు చక్కగా ఊడి వచ్చింది. నాయినకు వచ్చింది రాలేదు. మెతుకులు రాయిలా గట్టిపడ్డాయి. గోరుతో గీకాను, లాగాను. అడ్డంగా చినిగింది. మొదటి వరస నా చేతిలోకి వచ్చింది, రెండో వరస గోడకే ఉండిపోయింది. దాన్ని కూడా గీకి తీసేసరికి నాలుగు ముక్కలైంది. నాయినను నేనే చంపానని అప్పుడే తీర్మానించుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు పొద్దున గంజి డబ్బా, ఉతికిన దుప్పటి మూటగట్టుకొని బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్నా ఏమీ కనపడలేదు. ముక్కలు నా గౌను జేబులో ఉన్నాయి. కారేపల్లిలో బస్సు చాలాసేపు ఆగింది. ఎవరో కాల్చిన మక్క బుట్టలు అమ్ముతుంటే నాయనమ్మ నాకు ఒకటి కొనిచ్చి, "తిను బిడ్డా, నిన్నటి నుంచి ఏం తినలే" అంది. ఆ మాటతో నా నోరు తెరుచుకుంది. గడ్డివాము దగ్గర నుంచి గోడ దాకా అంతా చెప్పేశాను.

నాయనమ్మ నన్ను తిట్టలేదు. నా చేతిని పట్టుకున్న తన చేతిని మాత్రం తీసేసుకుంది. "ఎంత పని జేసినవే బిడ్డా" అంది. ఖమ్మం దాకా గంజి డబ్బా ఒళ్లో పట్టుకొని కూర్చుంది. నాయిన ఆమెకు మిగిలిన ఒక్క కొడుకు. అంతకుముందు ఇద్దరిని జ్వరాలకే పోగొట్టుకుంది. బస్టాండులో దిగాక నా వైపు చెయ్యి చాపింది. "ఆ ముక్కలున్నయా? ఇటియ్యి. మీ అమ్మకు చెప్పకు, ఇప్పటికే ఆమె పానం ఆమె దగ్గర లేదు" అని, నాలుగు ముక్కలూ కొంగు చివర ముడి వేసుకుంది.

మగవాళ్ల వార్డులో ఫినాయిలు వాసన. మంచం పక్కన సీసా వేలాడుతోంది. నాయిన ముఖం పసుపు పూసినట్టు ఉంది, పెదవులు ఎండి పగిలాయి. ఇవాళ, రేపు గడవాలని డాక్టరు చెప్పినట్టు అమ్మ చెప్పింది. నాయనమ్మ కొడుకు తల నిమురుతున్నట్టు వంగి, కొంగు ముడి విప్పి ముక్కలను దిండు కిందికి తోసింది. అమ్మ చూసింది.

"ఏంటది అత్తయ్యా?"

"ఏం లేదు పిల్లా. నీకెందుకు, ఉండనియ్యి."

అమ్మ దిండు కింద చెయ్యి పెట్టి ముక్కలు తీసింది. అరచేతిలో పేర్చి చదివింది. ఆ మాట ఇంట్లో ఎవరిదో ఆమెకు తెలుసు, ఏడు నెలలుగా నేను రోజూ వల్లెవేస్తున్నదే. నా ముఖం చూసింది. అడుగుతుందని ఒళ్లు బిగబట్టుకున్నాను. అడగలేదు. ముక్కలను కిటికీ గట్టు మీద పెట్టి, మంచం పక్కన నేల మీద మోకరించింది. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది.

మా అమ్మ ప్రార్థన ఎప్పుడూ పొడుగ్గా ఉండేది. ఆ రోజు చాలా చిన్నది. "ప్రభువా, ఈయన నాకు కావాలి. ఈ పిల్లకు కావాలి. ఈ ముసలమ్మకు కావాలి. గూడేల్లో ఎంతమందికి కావాలో నీకు తెలుసు. అయినా నీ..."

తర్వాత వచ్చే మాట నాకు తెలుసు. మందిరంలో వందసార్లు విన్నాను. ఆ మాట అంటే నాయినను ఇచ్చేసినట్టే. ఇచ్చేస్తే దేవుడు తీసుకోవచ్చు. నేను ఒక్కసారిగా లేచి నా రెండు చేతులతో అమ్మ నోరు మూసేశాను. పక్క మంచం మీది రోగి తల తిప్పి చూశాడు. నాయనమ్మ "ఓసి పిచ్చిదానా" అంది గాని, నన్ను లాగలేదు. ఆమెకు కూడా ఆ మాట వినాలని లేదనుకుంటాను.

అమ్మ కళ్లు తెరిచింది. కోపం లేదు. నా చేతులను తన నోటి మీద నుంచి మెల్లగా తీసి, తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. నన్ను చూస్తూనే, "నీ చిత్తమే కానియ్యి" అని పూర్తి చేసింది. ఆమెన్ అంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. వణికేది నా చేతులేననుకున్నాను. కాదు, ఆమెవే.

ఆ రెండు రోజులు నేను అమ్మతో మాట్లాడలేదు. ఆమె మీద అసహ్యం వేసింది, ఉన్న మాట చెబుతున్నాను. నాయినను పోనివ్వడానికి ఒప్పుకున్న మనిషిలా కనిపించింది. ఆమె మాత్రం తడిబట్ట మార్చడం ఆపలేదు, చెంచాతో గ్లూకోజు నీళ్లు పోయడం ఆపలేదు, నర్సు వెంటపడి సీసా మార్పించడం ఆపలేదు. ఒప్పుకున్న మనిషి అంత పోరాడుతుందా అనే సందేహం ఆ వయసులో నాకు రాలేదు.

మూడో రోజు పొద్దున నాయినకు చెమట పట్టింది. దుప్పటి తడిసిపోయింది. మధ్యాహ్నానికి కళ్లు తెరిచి, "సైకిలు యాడున్నది?" అని అడిగాడు. నాయనమ్మ పెద్దగా ఏడ్చేసింది. అమ్మ వరండాలోకి పోయింది, చాలాసేపటి దాకా రాలేదు.

ఆ మర్నాడు అమ్మ మందుల కోసం పోయినప్పుడు, నాయనమ్మ కునికిపాట్లు పడుతున్నప్పుడు, నేను నాయినకు చెప్పాను. ముఖం చూడకుండా, దుప్పటి అంచు పట్టుకొని చెప్పాను. నిద్రపోయాడేమోనని తలెత్తి చూస్తే, కళ్ల చివర నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఏడు నెలల సంది ఒక్కదానివే మోసినవా బిడ్డా?" అన్నాడు.

"అవ్."

"సైకిలు గాలి తీసింది నువ్వేనా?"

"అవ్ నాయినా."

నవ్వబోయి దగ్గాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నాకు మంచిదే అయింది తియ్యి. నీ కార్డు పొద్దుగాల సదువుకొని, సరే ప్రభువా, నా గుండె నీకే ఇచ్చిన అని సైకిలెక్కేటోన్ని. అడవిలకు పోయేసరికి భయమైతుండె. మీరు యాదికొస్తుంటిరి. మల్ల వాపస్ తీసుకునేటోన్ని. వాగు కాడ దిగి మల్ల ఇచ్చేటోన్ని. గూడెంల జ్వరపోళ్లను జూస్తే మల్ల తీసుకునుడే. రోజుకు ఎన్నిసార్లు ఇచ్చిన్నో, ఎన్నిసార్లు తీసుకున్ననో." ఆగి, నా వైపు తల తిప్పాడు. "అసలు అడిగింది నిన్ను గదా. మరి నువ్విచ్చినవా?"

ఏం చెప్పను? ఏడు నెలలు నా గుండెను పిడికిట్లో బిగబట్టుకొని తిరిగాను. దేవునికి ఇవ్వడానికి ఒక్క వేలైనా సడలించలేదు. నాయిన మళ్లీ అడగలేదు. అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. ఇంటికి వచ్చాక అమ్మ కూడా ఆ ముక్కల సంగతి ఎత్తలేదు, మందిరంలో నన్ను నిలబెట్టలేదు. ఒక్క నాయనమ్మే, ఆ తర్వాత ఏడు కొత్త సంవత్సరం నాడు గిన్నె దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకొని, తన కార్డు నన్ను ముట్టుకోనివ్వలేదు.

నాయిన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. రిటైరయ్యాక కూడా ఎవరికైనా జ్వరమంటే సైకిలు తీసేవాడు. నేను పెళ్లి చేసుకొని వెళ్లాను, పిల్లల్ని కన్నాను. మా ఆయన బండి మీద ఆలస్యమైన ప్రతి సాయంత్రం, పిల్లల ఒళ్లు వెచ్చబడ్డ ప్రతిసారీ, నేను ప్రార్థన చేశాను. కావాలి, కావాలి అని అడిగాను. మిగతా మాట దగ్గరికి వచ్చేసరికి గబగబా ఆమెన్ అనేసి లేచేదాన్ని. ఇన్నేళ్ల భక్తిలో ఆ ఒక్క వాక్యం పూర్తి చేయలేదని ఎవరికీ తెలియదు. సంఘంలో నన్ను ప్రార్థనాపరురాలు అంటారు. వింటే సిగ్గేస్తుంది.

అమ్మ ముందే వెళ్లిపోయింది. నాయిన చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నాడు. జ్వరం కాదు, ముసలితనమే. ఇక లాభం లేదని డాక్టరు చెప్పిన సాయంత్రం, ఆయన కళ్లు మూసుకొని పడుకొని ఉన్నాడు. వింటున్నాడో లేదో తెలియదు. ఇంట్లో వాళ్లంతా మంచం చుట్టూ చేరి నా ముఖం చూశారు. పెద్దదాన్ని నేనే, ప్రార్థన నేనే చేయాలి. మోకరించాను. మంచం పట్టె మీద చేతులు పెట్టాను.

"ప్రభువా, నాయిన నాకు ఇంకొన్నాళ్లు కావాలి. అయినా నీ..." అన్నాను. అక్కడ ఆగిపోయాను. నా నోరు ఎవరూ మూయలేదు. నాకే మాట పెగల్లేదు.

మంచం మీద నుంచి, కళ్లు తెరవకుండానే, నాయిన సన్నని గొంతుతో "చిత్తమే కానియ్యి బిడ్డా" అన్నాడు.

ఆమెన్ అనడం ఒక్కటే నాకు మిగిలింది. కొంతసేపు పట్టింది గాని, అన్నాను.